వంతెనకు ఇవతల ఆగిన బస్సు

స్టాన్లీ తాగి ఉన్నాడని మొదట అన్నారు. కంగ్టి నుంచి నారాయణఖేడ్ వచ్చే పొద్దుటి బస్సును, నిండా జనం ఉండగా, దారిలో ఆపేసి కందిచేను గట్టు మీద కూర్చున్న డ్రైవరు తాగి ఉండక మరేమై ఉంటాడన్నది వారి తర్కం. ఫోన్లలో తిరిగిన ముప్పై సెకన్ల వీడియో కింద ఆ మాటే రాశారు. అదే మధ్యాహ్నం డిపోలో అతనిచేత ఊదించిన మిషను సున్నా చూపింది. ఆ సున్నాను ఎవరూ వీడియో తీయలేదు.

దవాఖాన మాత్రలు మింగి మత్తులో పడ్డాడన్నది రెండో మాట. ఆ గురువారానికి అతను మాత్ర మింగి ఐదు రోజులైంది. పెండ్లాంతో కొట్లాడి వచ్చాడన్నది మూడో మాట. ఆ ఇంట్లో అప్పటికి కొన్ని నెలలుగా కొట్లాటకు సరిపడా మాటలే లేవు. విశ్వాసం సన్నగిల్లిందని చర్చిలో వెనక వరుసల్లో చెప్పుకున్నారు; ఆ నెలల్లో అతను ఒక్క ఆదివారం ఆరాధన కూడా తప్పలేదు. బస్సునూ జనాన్నీ వాగులో కలపబోయాడని మరికొందరు అన్నారు. అన్నిటికంటే నిజానికి దగ్గరగా వచ్చిన మాట ఇదే. అందుకే అన్నిటికంటే అన్యాయమైన మాట కూడా ఇదే.

సంగతి కొంత బయటపడ్డాక, డెబ్బై మందిని కాపాడిన మహానుభావుడంటూ ఒక యువజన సంఘం వాళ్లు శాలువా పట్టుకుని ఇంటికి వచ్చారు. తిట్టినవారు ఎంత విచారించి తిట్టారో వీరూ అంతే విచారించి మెచ్చుకున్నారు. అతను శాలువా కప్పించుకోలేదు. తలుపు కూడా పూర్తిగా తెరవలేదు.

స్టాన్లీకి నలభై తొమ్మిదేళ్లు. సిర్గాపూర్ మండలంలోని ఒక పల్లెలో, తాతల నాడు మిషను వాళ్లచేత బాప్తిస్మం పొందిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి యేసయ్య పరాయి చేలల్లో కూలి చేసేవాడు. పదో తరగతి తప్పిన ఏడు స్టాన్లీ లారీ మీద క్లీనరుగా ఎక్కాడు, ఏడేళ్లకు స్టీరింగు ముందుకు వచ్చాడు, ఇరవై రెండేళ్ల కిందట ఆర్టీసీలో చేరాడు. ఈ ఇరవై రెండేళ్లలో అతని చేతి కింద ఒక్క మనిషికి గాయం కాలేదు. ఒకసారి ఒక బర్రె కొమ్ము తగిలి బస్సు అద్దం పగిలింది. తప్పు బర్రెదేనని డిపోలో అందరూ ఒప్పుకున్నారు.

బండి విషయంలో అతనికి ఒక పట్టుదల ఉండేది. పొద్దున డిపోలో బస్సు తీసే ముందు నాలుగడుగులు నడిపి బ్రేకు చూసుకునేవాడు. కాలి కింద ఏమాత్రం తేడా అనిపించినా దిగి, తాళం మెకానిక్కు చేతిలో పెట్టేవాడు. టైము అయిపోతోందని పైవాళ్లు కేకలేసినా వినేవాడు కాదు. “బ్రేకు మీద నమ్మకం లేని బండి రోడ్డు మీదికి తియ్య. నన్ను ఇంటికి పంపినా సరే,” అనేవాడు. కొత్తగా చేరినవాళ్లకు అతని సీనియర్ సంగప్ప ఈ మాటనే పాఠంగా చెప్పేవాడు.

పట్టుదలకు తోడు నోరు కూడా ఉండేది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లల్ని, సీటు కోసం కిటికీలోంచి తువ్వాల విసిరేవాళ్లను, చిల్లర తేనివాళ్లను అతను వదిలింది లేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక అతని నోటికి ఇంకా పని పెరిగింది. సిర్గాపూర్ దగ్గర ఇంద్రమ్మ అనే ముసలామె ఒకసారి మేకపిల్లను చంకన పెట్టుకుని ఎక్కితే, అద్దంలోంచి చూసి బండి ఆపాడు.

“చెల్లె, గా మేకపిల్ల ఆడిదా మొగదా చూడు,” అన్నాడు కండక్టర్ భాగ్యతో. “ఆడిదైతే ఆధార్ కార్డు అడుగు. మొగదైతే ఫుల్ టికెట్ కొట్టు.”

“నీ టికెట్ ఎవరు కొట్టిన్రు రా స్టాన్లీ? నువ్వు ఇరవై ఏండ్ల సంది ఫ్రీగనే తిరుగుతున్నవు గద,” అంది ఇంద్రమ్మ.

బస్సంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది స్టాన్లీ. ఆ తర్వాత రెండేళ్లకు, వానాకాలం మొదట్లో, అదే ఇంద్రమ్మ మళ్లీ మేకపిల్లతో ఎక్కింది. అతను అద్దంలోకి చూశాడు, గేరు వేశాడు, కదిలాడు. ఆమె సీట్లో కూర్చుని చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత భాగ్యను పిలిచి, మీ డ్రైవర్‌కు పానం మంచిగ లేదా ఏంది అని మెల్లగా అడిగింది. స్టాన్లీకి జబ్బు చేసిందని ఈ లోకంలో మొట్టమొదట కనిపెట్టింది ఆమే.

ఆ జబ్బుకు కారణం ఏమిటని చాలామంది వెతికారు. తమ్ముడు పోయిన దుఃఖమన్నారు. తమ్ముడు పోయి తొమ్మిదేళ్లు. కూతురు నిస్సీ చదువు బెంగ అన్నారు. ఆ పిల్ల సంగారెడ్డి హాస్టల్లో ఉండి బాగానే చదువుతోంది. విప్పి చూపడానికి కారణమంటూ ఒకటి దొరకలేదు. దొరకకపోవడమే స్టాన్లీని ఎక్కువ కుంగదీసింది. కాలు విరిగినవాడికి కట్టు కనిపిస్తుంది. అతనికి ఏమైందో అతనికే చెప్పరాలేదు.

తెల్లవారడానికి చాలా ముందే మెలకువ వచ్చేది. భార్య ఎలీసబెతు పెట్టిన జొన్నరొట్టె నోట్లో మట్టిలా తిరిగేది. గేరు మార్చే చెయ్యి ఎవరిదో అనిపించేది. చర్చి పాటల బృందంలో అతనిది మంద్రస్వరం. ఆ స్వరం లేకపోతే పాటకు అడుగు ఉండేది కాదు. ఒక ఆదివారం అందరితో పాటు లేచి నిలబడి నోరు తెరిచాడు. గొంతులోంచి ఏమీ రాలేదు. పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, పాట అయ్యేదాకా వేలు అదే పేజీలో పెట్టుకుని నిలబడ్డాడు.

ఎలీసబెతు అంగన్వాడీలో ఆయా. ఎక్కువ మాటలు లేని మనిషి. నెల రోజులు చూసి, ఒక సాయంత్రం చేతిలో పని పక్కన పెట్టి అతని ఎదురుగా కూర్చుంది. దవాఖానకు పోదామంది. ఏం చెప్పాలని అతను అడిగాడు. నాకేం చెప్తలేవో అదే చెప్పు అంది ఆమె. ఖేడ్ దవాఖానకు మాత్రం రానన్నాడు. అక్కడ చీటీ కోసం లైన్లో నిలబడేవాళ్లంతా తన బస్సు ఎక్కేవాళ్లే. చివరికి తన రూటు కాని ఒక పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, మధ్యాహ్నం డ్యూటీ ఉన్న ఒక రోజు పొద్దున, ఒక్కడే పోయాడు. అది జూలై నెల.

అక్కడి వైద్యురాలు కోమల. చిన్న వయసు. ఆ పొద్దున ఆమె గది ముందు వంద మందికి తక్కువ లేరు. స్టాన్లీ మొదట తల బరువన్నాడు, తర్వాత నడుము నొప్పన్నాడు. బీపీ బాగానే ఉంది, షుగరు లేదు. ఆమె కలం పక్కన పెట్టి, నిద్ర ఎట్లా ఉందని, ఇష్టమైన పనుల మీద మనసు పోతోందా అని ఒక్కొక్కటే అడిగింది. అతను అన్నిటికీ నిజమే చెప్పాడు, ఒక్కదానికి తప్ప.

“బతకబుద్ధి కాక, చచ్చిపోతే బాగుండని ఎన్నడన్న అనిపిస్తదా?” అని ఆమె అడిగింది.

“ఛ. మేము విశ్వాసులం మేడం.”

ఆమె కాగితం మీద ‘లేదు’ అని రాసుకుంది. అతను లేదని అనలేదు. విశ్వాసులమని మాత్రమే అన్నాడు. ఆ రెండూ ఒకటి కావని ఆమెకు తర్వాత తట్టింది. అప్పటికి బయట బెంచీ మీద జ్వరం పిల్లవాడు వాంతి చేసుకుంటున్నాడు.

ఆమె చెప్పిన మాటలు స్పష్టంగానే ఉన్నాయి. ఇది కుంగుబాటు అనే జబ్బు, మనిషి తప్పు కాదు. ఈ మాత్ర రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకటి. నొప్పి గోలీలాగా వేసుకోగానే పనిచేయదు. రోజూ మానకుండా వేసుకుంటే మూడు నాలుగు వారాలకు గుణం మొదలవుతుంది. మొదటి పది రోజులు కడుపులో తిప్పడం, తల తేలిపోవడం ఉండవచ్చు, అందుకని ఆ పది రోజులు సెలవు పెట్టి స్టీరింగుకు దూరంగా ఉండాలి. నెల తర్వాత మళ్లీ రావాలి. తనంతట తాను ఆపకూడదు. స్టాన్లీ ప్రతి మాటకూ తలూపాడు. ముప్పై మాత్రలు తీసుకుని, మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కాడు.

ఇక్కడ డ్రైవర్ల సంగతి ఒకటి తెలియాలి. డ్యూటీ ఎక్కే ముందు ప్రతి డ్రైవరూ డిపోలో ఒక చిన్న మిషనులోకి ఊదాలి. తాగి ఉంటే అది చూపిస్తుంది, ఆ రోజుకు బండి ఇవ్వరు, పై చర్యలు వేరే. అందుకని తాగే అలవాటున్నవాళ్లు వారపు సెలవు ముందు సాయంత్రం తాగి, సెలవు నాడు పడుకుని, మర్నాటికి నోరు శుభ్రం చేసుకుని వస్తారు. స్టాన్లీకి తాగుడు లేదు. అయినా ఇరవై రెండేళ్లు రోజూ ఊదిన మనిషికి ఆ మిషను మీద భయం ఎముకల్లో ఉంటుంది. సంగప్ప ఒకప్పుడు చెప్పిన కథ అతనికి గుర్తుంది. ఎక్కడో వేరే జిల్లాలో ఒక డ్రైవరు దగ్గు మందు తాగి వస్తే మిషను మోగిందట, పాపం ఎంత మొత్తుకున్నా వినలేదట. అది జరిగిందో లేదో ఎవరూ రూఢి చేసుకోలేదు. దగ్గు మందే చూపిస్తే, మెదడు మీద పనిచేసే మాత్రను చూపించదా? మిషను మోగితే ఏం వేసుకున్నావని అడుగుతారు. మాత్ర పేరు చెబితే జబ్బు పేరు బయటపడుతుంది. జబ్బు పేరు బయటపడితే స్టీరింగు పోతుంది. స్టీరింగు పోయిన స్టాన్లీ ఎవరు?

ఈ భయాన్ని అతను వైద్యురాలికి చెప్పలేదు, సంగప్పకు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. తాగేవాళ్లు మందుకు వేసుకునే లెక్కనే తన మాత్రకు వేసుకున్నాడు. అతని వారపు సెలవు ఆదివారం. కాబట్టి శనివారం రాత్రి ఒక మాత్ర, మిగిలిన ఆరు రాత్రులు ఏమీ లేదు.

ఇంతకంటే చెడ్డ ఏర్పాటు ఉండదు. రోజూ వేసుకుంటే కొద్ది రోజుల్లో తగ్గిపోయే వికారాలు అతనికి వారం వారం కొత్తగా వచ్చాయి. వాటిని భరించినందుకు రావలసిన గుణం ఎన్నడూ రాలేదు. మందు ఇచ్చే బాధ అంతా అతను అనుభవించాడు, మేలు ఒక్క పూట కూడా చూడలేదు. ఆదివారం ఆరాధనలో కడుపు తిప్పి, పాట మధ్యలో లేచి బయటికి పోయేవాడు. వెనక వరుసలవాళ్లు చూసింది అదే.

ఆగస్టులో వైద్యురాలు అడిగింది: మందు వేసుకుంటున్నావా? వేసుకుంటున్న మేడం, అన్నాడు. అతని దృష్టిలో అది అబద్ధం కాదు. సెప్టెంబరులోనూ ఎదుగూబొదుగూ లేకపోయేసరికి ఆమె మోతాదు పెంచింది. అక్టోబరులో ఇక నా చేతిలో లేదని, సంగారెడ్డిలో మనసు డాక్టరు దగ్గరికి చీటీ రాసి ఇచ్చింది. ఆ చీటీ అతని ఖాకీ చొక్కా జేబులో చెమటకు తడిసి, ఉతుకులో ముద్దయింది. వేసుకోని మాత్రలు పాత బిస్కెట్ డబ్బాలో చేరాయి. ఎలీసబెతు ఒకనాడు బట్టలు సర్దుతూ ఆ డబ్బా చూసింది.

“ఇవేంది, ఇన్ని మిగిలినయి?”

“డాక్టరే గట్ల చెప్పింది. వారానికి ఒకటి.”

ఇది మాత్రం అతని దృష్టిలోనూ అబద్ధమే. ఆమె అతని ముఖం వైపు చూసి, డబ్బా మూత పెట్టి, ఉన్నచోటనే ఉంచింది. నమ్మి ఊరుకుందా, నమ్మక ఊరుకుందా అన్నది ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

సిర్గాపూర్ దాటాక ఖేడ్ వైపు రోడ్డు కొద్దిగా దిగుతుంది. దిగువన వాగు, వాగు మీద వంతెన. ఇరవై రెండేళ్లలో అతను ఎన్ని వేలసార్లు దాటాడో లెక్క లేదు. నవంబరు మొదటి వారం నుంచి ఆ దిగుడు మొదలవగానే అతని లోపల ఒక మాట వినిపించసాగింది: ‘ఇగ చాలు.’ ఎవరో చెవిలో చెప్పినట్టు కాదు. అలసిపోయినవాడు బరువు దించుకునే ముందు తనకు తాను అనుకునే మాటలా. వంతెన అవతలికి వచ్చాక ఆ మాట ఉండేది కాదు. చేతులు మాత్రం చెమటతో జారేవి. రోజుకు నాలుగు ట్రిప్పులు, నాలుగుసార్లు. అతను ప్రార్థించాడు. పళ్లు బిగించాడు. ఒకరోజు దాటేదాకా అంకెలు లెక్కపెట్టాడు. సెలవు అడుగుదామని రెండుసార్లు ఆఫీసు గడప దాకా పోయి, కారణం ఏమని రాయాలో తోచక వెనక్కి వచ్చాడు.

నవంబరు రెండో గురువారం పొద్దుటి ట్రిప్పు. బస్సులో డెబ్బై ఒక్క మంది. పత్తి తీయడానికి పోయే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, డ్రైవరు సీటు వెనకే ఇంద్రమ్మ. ఆమె ఖేడ్ అంగడిలో పచ్చి మిర్చి ధర గురించి పక్కామెతో వాదిస్తోంది. బస్సు సిర్గాపూర్ దాటింది. రోడ్డు దిగడం మొదలైంది.

ఆ రోజు ‘ఇగ చాలు’ అన్న మాట రాలేదు. మాటకు బదులు ఒక నెమ్మది వచ్చింది. నెలల తరబడి లేని నెమ్మది. కాలు యాక్సిలరేటర్ మీద తేలికగా ఉంది, చేతుల్లో చెమట లేదు, వంతెన దగ్గరవుతోంది. ఆ నెమ్మదిని చూసి అతను బెదిరిపోయాడు. మాట వినిపించినన్నాళ్లూ దానితో పెనుగులాడే స్టాన్లీ ఒకడు లోపల ఉన్నాడు. ఇప్పుడు ఆ పెనుగులాట ఆగిపోయింది. వంతెన మీద తన చేతులు ఏం చేస్తాయో తాను పూచీ పడలేనని అతనికి తెలిసింది. పొద్దున డిపోలో బ్రేకు మీద కాలు పెట్టి తేడా పసిగట్టినంత మామూలుగా తెలిసింది.

అతను బ్రేకు తొక్కాడు. బండిని మెల్లగా ఎడమకు తీసి, రోడ్డు దిగనీయకుండా ఆపాడు. ఇంజను కట్టేసి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో పెట్టాడు. కిందికి దిగాడు. దిగుడులో ఆపిన బండి కదలకుండా ముందు చక్రాలకు రెండు రాళ్లు, వెనక చక్రాలకు రెండు రాళ్లు ఏరి తెచ్చి పెట్టాడు. ఒక్కోటీ కాలితో తన్ని చూశాడు. తర్వాత వెనక తలుపు దగ్గరికి పోయి భాగ్యను పిలిచాడు.

“బ్రేకు పడలేదా అన్నా?” అంది ఆమె.

“బండి మంచిగనే ఉంది చెల్లె. నేనే మంచిగ లేను.” తాళం ఆమె చేతిలో పెట్టాడు. “గా వంతెన నాతోని కాదు. డిపోకు ఫోన్ చేసి ఇంకో డ్రైవర్‌ను పిలిపియ్యి. అందాక ఎవ్వరినీ స్టీరింగు ముట్టనియ్యకు.”

“ఏమైందన్నా? కండ్లు తిరుగుతున్నయా?”

“నన్ను అడగకు. ఫోన్ చెయ్యి.”

అతను వంతెన వైపు పోలేదు. దానికి వీపు పెట్టి, వచ్చిన దారినే యాభై అడుగులు వెనక్కి నడిచి, కందిచేను గట్టు మీద కూర్చున్నాడు. కిటికీల్లోంచి కేకలు మొదలయ్యాయి. పరీక్ష ఉందని పిల్లలు, కూలి పోతుందని ఆడవాళ్లు. ఎవడో ఫోన్ ఎత్తి పట్టుకుని దగ్గరికి వచ్చి, పొద్దుగాలనే ఏసినవా అన్నా అని నవ్వుతూ అడిగాడు. స్టాన్లీ తల ఎత్తలేదు. ముప్పై సెకన్ల వీడియో అదే.

ఇంద్రమ్మ కర్ర పట్టుకుని బస్సు దిగి వచ్చింది. ఫోనువాడిని తిట్టి పంపింది. గట్టు మీద అతని పక్కన కూర్చుని, కొంగున కట్టిన పుట్నాలు విప్పి కొన్ని అతని అరచేతిలో పోసింది. ఏమైందని అడగలేదు. ముప్పావు గంట తర్వాత డిపో నుంచి సంగప్ప ఇంకో డ్రైవర్‌ను మోటార్ సైకిల్ మీద వెంటబెట్టుకుని వచ్చేదాకా ఆ పుట్నాలు అతని చేతిలో అలాగే ఉన్నాయి.

సంగప్ప బస్సు చుట్టూ తిరిగి చూశాడు. నాలుగు రాళ్లూ చూశాడు. తాగిన మనిషి నాలుగు రాళ్లు ఇంత లెక్కగా పెట్టడని అధికారులకు రాసిచ్చినవాడు ఆయనే. అప్పుడు మాత్రం స్టాన్లీ భుజం మీద చెయ్యి వేసి, డిపోకు పోయి ఇంటికి పోదాం పా అన్నాడు. వెంట వచ్చిన డ్రైవరు తీయగా బస్సు వంతెన దాటి పోయింది. స్టాన్లీ దాన్ని చూడలేదు.

మర్నాడు ఎలీసబెతు బిస్కెట్ డబ్బా చేతిలో పట్టుకుని, అతన్ని ఆటోలో ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. వైద్యురాలి బల్ల మీద డబ్బా బోర్లించింది. నాలుగు నెలల్లో ఇచ్చినవి నూట ఇరవై మాత్రలు. మిగిలినవి నూట మూడు.

వైద్యురాలు వాటిని మరోసారి లెక్కపెట్టింది. తర్వాత బయట ఉన్న జనాన్ని కాసేపు ఆగమని చెప్పి తలుపు వేసింది. స్టాన్లీ అప్పుడు చెప్పాడు. మిషను భయం చెప్పాడు, శనివారం లెక్క చెప్పాడు, వంతెన సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్ల అంచునే చూశాడు. ఎలీసబెతు వంతెన మాట అప్పుడే మొదటిసారి విన్నది.

“ఆ మిషన్ల సారా తప్ప ఇంకేం పడది,” అంది వైద్యురాలు. “ఈ గోలీలు రోజుకొకటి మింగినా అది మోగది. ఒక్క మాట అడిగితే నేను చెప్పేదాన్ని గద.”

“అడిగితే, నేను గోలీల మీద బతికెటోణ్ణని ఒప్పుకున్నట్టయితది మేడం.”

ఆమె తాను రాసిన పాత కాగితం ముందుకు లాక్కుంది. “నేను గూడ అడగలే. స్ట్రిప్పులు తెచ్చి చూపియ్యమనాల్సింది. మోతాదు పెంచిన, మింగినవో లేదో చూడలే.”

ఆమె ఆ మాట అనకపోయినా ఎవరికీ తెలిసేది కాదు, కాబట్టి అది ఆమె ఖాతాలో మంచికే రాయాలి. అయినా తప్పులో ఒక పాలు ఆమెది. పెద్ద పాలు అతనిది. మిగిలిన పాలు, ఒక జబ్బు పేరు బయటికి చెబితే మనిషి విలువ పోతుందని అందరం కలిసి అతనికి నేర్పిన పాఠానిది.

అదే రోజు ఆమె అతన్ని భార్యతో సహా సంగారెడ్డి దవాఖానకు పంపింది. కొన్నాళ్లు అక్కడే ఉంచుకున్నారు. వెనక్కి వచ్చాక మందు నెల నెలా ఇదే ఆరోగ్య కేంద్రంలో ఇస్తున్నారు. స్టీరింగు గురించి స్టాన్లీ స్వయంగా అడిగి కాగితం రాయించుకున్నాడు: నయమయ్యేదాకా బండి నడపడానికి తగడు. ఆ కాగితం తానే తీసుకుపోయి డిపోలో ఇచ్చాడు. ఎక్కడ స్టీరింగు పోతుందోనని నాలుగు నెలలు దాచుకున్న సంగతిని, చివరికి తన చేత్తోనే బల్ల మీద పెట్టి, స్టీరింగు పోగొట్టుకుని వచ్చాడు. నిబంధన ప్రకారం అతన్ని టైర్ల పనిలో వేశారు.

ఇది జరిగి ఐదు నెలలైంది. ఇప్పుడు ప్రతి రాత్రీ అన్నం తర్వాత ఎలీసబెతు మాత్ర ఇస్తుంది, మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. నిద్ర తెల్లవారేదాకా పడుతోంది. రొట్టెకు ఉప్పు చాలలేదని మొన్న ఒకనాడు అన్నాడు. ఆమె వంటింట్లోకి పోయి కాసేపు బయటికి రాలేదు. వంతెన మీది ఆ మాట ఇప్పుడు లేదంటాడు. అంతవరకే. పాట రాలేదు. చర్చిలో వెనక వరుసలోకి మారాడు, అక్కడ పక్కకు జరిగి చోటిచ్చినవాళ్లు ఇద్దరే. పొద్దున తన పాత బస్సు డిపో గేటు దాటుతుంటే టైరు మీద చేతులు పెట్టి నిలబడిపోతాడు. కొత్త డ్రైవరు బ్రేకు చూసుకోకుండానే తీస్తాడని ఒకసారి సంగప్పతో అన్నాడు.

ఇంద్రమ్మ బస్టాండులో కనబడి, నీ బస్సు ఇప్పుడు పీనుగుబండి లెక్క పోతుంది, తిట్టెటోడు లేడు, జల్దీ రారాదుర అంది. ఆమె నవ్వించాలనే అంది. అతనూ నవ్వడానికి ప్రయత్నించాడు. చూడలేక ఆమే ముఖం తిప్పుకుంది.

గడిచిన నెల అతను వైద్యురాలిని అడిగాడు, మళ్లీ స్టీరింగు పడతానా అని. నేను ఇప్పుడు చెప్పలేను అంది ఆమె. పడతావు అని అబద్ధం ఆడలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో, తాను డెబ్బై మందిని కాపాడానని ఎవరన్నా అంటే ఒళ్లు జలదరిస్తుందని భార్యతో అన్నాడు. కాపాడినవాడు తనకు గుర్తుకు రాడట. ఎవరి నుంచి కాపాడవలసి వచ్చిందో వాడే గుర్తుకు వస్తాడట.

అతని మాటను కూడా సాక్ష్యంగా తీసుకోవలసిందే, కాని తీర్పుగా తీసుకోనక్కరలేదు. స్టాన్లీ చేసింది ఇది. రోజుకు ఒకటి వేసుకోమన్న మాత్రను వారానికి ఒకటి వేసుకున్నాడు. ఆ సంగతి వైద్యురాలి దగ్గర దాచాడు, భార్యతో అబద్ధమాడాడు. అది తప్పు, దాని ఫలితం ఇంకా అనుభవిస్తున్నాడు. నవంబరు రెండో గురువారం పొద్దున, తన చేతుల మీద తనకు నమ్మకం లేదని తెలిసిన క్షణాన, డెబ్బై ఒక్క మంది ఉన్న బస్సును వంతెనకు ఇవతల ఆపాడు. నాలుగు చక్రాలకు నాలుగు రాళ్లు పెట్టాడు. తాళం కండక్టర్‌కు ఇచ్చి దూరంగా పోయి కూర్చున్నాడు. మర్నాడు ఉన్నదంతా చెప్పాడు. ఎవరికీ గాయం కాలేదు.